ద్వీపాంతరం పోయినవాడి ఊరు

1841లో ఐర్లండ్‌లోని టిప్పరరీ కౌంటీ, కాషెల్ పట్టణపు కోర్టులో జాన్ కెల్లీ అనే ఇరవై ఏళ్ల కుర్రాడికి ఏడేళ్ల ద్వీపాంతరవాస శిక్ష పడింది. రెండు పందుల్ని దొంగిలించాడన్నది అభియోగం. ఆ మరుసటి ఏడాది జనవరిలో ‘ప్రిన్స్ రీజెంట్’ అనే ఓడ అతన్ని ఇప్పుడు మనం టాస్మేనియా అంటున్న వాన్ డీమన్స్ ల్యాండ్‌లో, హోబార్ట్ రేవులో దించింది. 1880లో మెల్‌బోర్న్ జైల్లో ఉరికంబమెక్కి ఆస్ట్రేలియా జానపదంలో శాశ్వతంగా ఉండిపోయిన బందిపోటు నెడ్ కెల్లీకి ఇతనే తండ్రి. కొడుక్కి పేరొచ్చింది కాబట్టి తండ్రి మూలాలు తవ్వారని అనుకోవచ్చు. కానీ కొడుకు అనామకుడిగా చనిపోయినా తండ్రిని వెతికి పట్టుకోవడం సాధ్యమయ్యేదే. ఎందుకంటే అతని జాడ ఆ రెండు పందుల వెంటే ఉంది. అవే పందులు పెంచుకుని, అవే బంగాళాదుంపలు తిని, ఏ నేరమూ చేయకుండా అదే మట్టిలో కలిసిపోయిన ఇరుగుపొరుగువాళ్లకు కాగితం మీద అంత చోటు దొరకలేదు. ఆస్ట్రేలియాలో ఇవాళ ఐరిష్ ఖైదీ పూర్వీకుణ్ణి వెతుక్కునే లక్షలాది కుటుంబాల ప్రయత్నాన్ని అర్థం చేసుకోవాలంటే ఈ తిరకాసు దగ్గర మొదలుపెట్టాలి. పందొమ్మిదో శతాబ్దపు ఐరిష్ పేదవాడి గురించి రాజ్యం శ్రద్ధగా రాసిపెట్టుకున్నది చాలావరకు అతన్ని దేశం నుంచి వెళ్లగొట్టేటప్పుడే. శిక్షే అతనికి చిరునామా అయింది.

ఇది అతిశయోక్తి అనిపిస్తే ఐర్లండ్ వైపు ఏం మిగిలిందో చూడాలి. 1922 జూన్ నెలాఖరున, అంతర్యుద్ధం మొదలైన రోజుల్లో, డబ్లిన్‌లోని ఫోర్ కోర్ట్స్ ప్రాంగణం మీద ఫిరంగులు పేలాయి. జూన్ 30న ఆ ఆవరణలో ఉన్న పబ్లిక్ రికార్డ్ ఆఫీసు తగలబడిపోయింది. కాలిన కాగితపు పేలికలు నగరం మీద ఎగిరిపడ్డాయి. 1821 నుంచి 1851 వరకు పదేళ్లకొకసారి తీసిన జనాభా లెక్కల పుస్తకాలు, కొన్ని ముక్కలు తప్ప, అందులోనే పోయాయి. ప్రొటెస్టెంట్ చర్చి రిజిస్టర్లలో సగానికి పైగా పోయాయి. అయితే మొత్తం నేరం మంటలదే కాదు. 1861, 1871 లెక్కల కాగితాలను ప్రభుత్వమే పనైపోయాక పారేయించింది. 1881, 1891 లెక్కలు మొదటి ప్రపంచయుద్ధ కాలంలో గుజ్జుగా మారిపోయాయి. అందుకే ఐర్లండ్‌లో పూర్తిగా మిగిలిన మొదటి జనాభా లెక్క 1901 నాటిది. తూర్పు ఆస్ట్రేలియాకు ఖైదీల ఓడలు ఆగిపోయి అప్పటికి దాదాపు అర్ధశతాబ్దం. అందరి జనన మరణాల నమోదు 1864లో గాని మొదలుకాలేదు. ఇక మిగిలింది కాథలిక్ గుడుల్లో జ్ఞానస్నానాల, పెళ్ళిళ్ల రిజిస్టర్లు. శతాబ్దం పైచిలుకు తమ మతం మీద శిక్షాచట్టాల భారం మోసిన కాథలిక్కులకు రిజిస్టర్లు రాసుకునే తీరిక, ధైర్యం ఆలస్యంగా వచ్చాయి. పడమటి కౌంటీల్లో చాలా పారిష్‌లకు 1820ల తర్వాత గాని పుస్తకమే లేదు. 1790లో పుట్టి 1815లో ఓడెక్కినవాడి పుట్టుక ఏ పుస్తకంలోనూ ఉండకపోవచ్చు.

దీనికి తోడు పేర్ల చిక్కు. మన ఇంటిపేర్లలో చాలావాటికి కడుపులో ఒక ఊరు ఉంటుంది. కొండపల్లి, వేటూరి, దేవులపల్లి అనగానే కనీసం ఎటు బయల్దేరాలో తెలుస్తుంది. ఐరిష్ ఇంటిపేరు ఊరుది కాదు, తెగది. కెల్లీ, మర్ఫీ, ర్యాన్, సల్లివన్ అంటే ఏ నాటి తెగ నాయకుడి సంతతో చెబుతాయే తప్ప ఏ వీధిలో పుట్టాడో చెప్పవు. ఒక్క టిప్పరరీలోనే ర్యాన్‌లు ఎంతమందంటే, ఒకరి నుంచి ఒకరిని వేరు చేయడానికి జనమే వాళ్లకు మారుపేర్లు తగిలించుకున్నారు. పైగా గేలిక్ భాషలో ‘ఓ కల్లీ’ లాగా పలికే పేరు ఇంగ్లీషు గుమాస్తా చెవిలో పడి ముందున్న ‘ఓ’ను వదిలించుకుని కెల్లీ అయింది. మనవాళ్లు ఊరూ పేరూ లేనివాడని తిడతారు. ఐరిష్ పూర్వీకుణ్ణి వెతికేవాళ్లకు పేరు గుట్టలు గుట్టలుగా దొరుకుతుంది, ఊరే దొరకదు. వాళ్లకు ఊరంటే మళ్లీ టౌన్‌లాండ్. పారిష్ కన్నా చిన్నది, సగటున మూడు నాలుగు వందల ఎకరాల నేలతునక, కొన్ని గుడిసెలు. అలాంటివి ఐర్లండ్‌లో 60 వేలకు పైగా ఉన్నాయి. మూలం దొరికిందనాలంటే ఆ 60 వేలలో ఒకదాని మీద వేలు పెట్టగలగాలి.

ఇప్పుడు సముద్రానికి అవతలి ఒడ్డుకు వెళ్దాం. మొదట్లో అక్కడా పెద్ద శ్రద్ధేమీ లేదు. ఐర్లండ్ నుంచి నేరుగా ఖైదీలను తీసుకెళ్లిన మొదటి ఓడ ‘క్వీన్’, కార్క్ రేవు నుంచి బయల్దేరి 1791 సెప్టెంబరులో సిడ్నీ చేరింది. మనుషులొచ్చారు గాని, ఎవరికి ఎప్పుడు శిక్ష పడిందో, ఎన్నేళ్లో చెప్పే కాగితాలు వెంట రాలేదు. ఆ ఖైదీల్లో ఇరవై మంది దాకా అదే ఏడాది నవంబరులో అడవిలో పడి ఉత్తరంగా నడిస్తే చైనా వస్తుందని బయల్దేరారు. వాళ్ల అమాయకత్వాన్ని చూసి అప్పటి అధికారులు నవ్వుకుని రాసుకున్నారు. కానీ తన శిక్ష ఎప్పటికి ముగుస్తుందో తనకే రుజువు లేనివాడికి చైనా మరీ అంత దూరమనిపించకపోవడంలో వింత లేదు. ఏళ్లు గడిచేకొద్దీ ‘నా ఏడేళ్లూ అయిపోయాయి, వదలండి’ అని ఐరిష్‌వాళ్లు మొరపెట్టుకోవడం, చూపడానికి కాగితం లేక సిడ్నీలోని గవర్నర్ హంటర్ పైవాళ్లకు ఫిర్యాదు రాయడం జరిగింది. అంటే ఖైదీల దఫ్తరాలు దయతో పుట్టలేదు. ఎవరు స్వతంత్రుడో, ఎవరు కాదో తేలకపోతే పాలన నడవదు కాబట్టి పుట్టాయి. తర్వాత ఖైదీలను రైతుల దగ్గరికి, కాంట్రాక్టర్ల దగ్గరికి పనికి పంపే పద్ధతి పెరిగేకొద్దీ ఎవడు వడ్రంగి, ఎవడు పాలు పితకగలడు, ఎవడు చదవగలడు అన్న లెక్క అవసరమైంది. పారిపోయినవాణ్ణి పట్టుకోవాలంటే ఆనవాళ్లు అవసరమయ్యాయి. 1830ల నాటికి న్యూ సౌత్ వేల్స్‌లో ఓడ దిగగానే తయారయ్యే జాబితాలు అచ్చు రూపంలోకి వచ్చేశాయి.

ఆ జాబితాలో ఒక్క అడ్డువరస చదివితే చాలు, గుమాస్తా ముందు నిలబడ్డ మనిషి కనిపిస్తాడు. పేరు, వయసు, చదువు, మతం, పెళ్లయిందా, పిల్లలెందరు, పుట్టిన చోటు, వృత్తి, నేరం, విచారణ జరిగిన చోటు, తేదీ, శిక్ష, అంతకుముందు శిక్షలున్నాయా, ఎత్తు, ఒంటి రంగు, జుట్టు, కళ్లు. చివర్లో అన్నిటికన్నా వెడల్పైన గడి ఒకటి, గుర్తులకు. ముఖం మీద మశూచి గుంటలు, ఎడమ కనుబొమ మీద మచ్చ, వంకరపోయిన చిటికెన వేలు, ఊడిన పన్ను, మోచేతి కింద పచ్చబొట్టు. పదో తరగతి సర్టిఫికెట్ కోసం హెడ్మాస్టరు గారి ముందు నిలబడి రెండు పుట్టుమచ్చలు వెతికి చూపించిన మన తరానికి ఆ గడి కొత్త కాదు. ఖైదీ విషయంలో అది మరింత లోతుకు పోయింది. ఆ పచ్చబొట్లలో శిలువలు, లంగర్లతో పాటు పొడి అక్షరాలూ తరచుగా ఉంటాయి. గుమాస్తా వాటిని ఉన్నదున్నట్టు రాసుకున్నాడు, తప్పించుకుంటే పట్టుకోవడానికి పనికొస్తుందని. రెండు వందల ఏళ్ల తర్వాత అవే అక్షరాలు తల్లివో, చెల్లెలివో, వదిలేసి వచ్చిన పెళ్లానివో అయ్యుండొచ్చని మునిమనవరాలు లెక్కలు వేసుకుంటుంది. ఐర్లండ్‌లో ఏ బిషప్పూ, ఏ భూస్వామీ ఒక కూలివాడి చేతి మీద ఏముందో రాసిపెట్టుకోలేదు.

ఇక్కడ రావలసిన అభ్యంతరం వచ్చే తీరుతుంది. జైలరు ముందు నిలబడ్డవాడు నిజం చెప్తాడా? వయసు తగ్గించి చెప్పినవాళ్లున్నారు, పెళ్లయినా కాలేదని చెప్పినవాళ్లున్నారు. పెళ్లికి సర్కారు అనుమతి కావాలి కాబట్టి ఐర్లండ్‌లో ఉన్న భార్యను కాగితం మీద చంపేసినవాళ్లూ ఉన్నారు. వృత్తి విషయంలో అబద్ధం చెప్తే తేలికైన పని దొరుకుతుందన్న ఆశ ఉండేది. ఇవన్నీ ఒప్పుకోవలసినవే. అయితే ఏ ఒక్క కాగితాన్నీ నమ్మమని ఎవరూ అడగడం లేదు. ఖైదీ జీవితంలో కాగితం ఒక్కటి కాదు, గొలుసు. ఓడ దిగినప్పుడు జాబితా, ఆపైన హాజరు లెక్కలు, పెళ్లికి అర్జీ, మంచిగా ఉంటే సొంతంగా పని చూసుకోనిచ్చే టికెట్ ఆఫ్ లీవ్, శిక్ష పూర్తయ్యాక విడుదల పత్రం, లేదా షరతులతో క్షమాభిక్ష. ప్రతి మెట్టు దగ్గరా వేరే గుమాస్తా, వేరే ఏడు, అవే ప్రశ్నలు. అబద్ధం చెప్పేవాడికి జ్ఞాపకశక్తి ఎక్కువ ఉండాలని పెద్దలు ఊరికే అనలేదు. వయసు మూడు చోట్ల మూడు రకాలుగా పలికితే అది తెలిసిపోతుంది, ఓడ పేరూ విచారణ తేదీ మాత్రం అన్నిచోట్లా ఒకటే ఉంటాయి. కనుబొమ మీద మచ్చ మాట మార్చదు. ఒకే ఓడలో ఇద్దరు జాన్ ర్యాన్‌లు వస్తే వాళ్లను విడదీసేది చాలాసార్లు ఆ మచ్చే.

దీనికన్నా గట్టి అభ్యంతరం ఇంకొకటి ఉంది, దానికి నా దగ్గర సగం జవాబే ఉంది. తొలినాళ్ల జాబితాలు విచారణ జరిగిన చోటే చెప్తాయి, పుట్టిన ఊరు చెప్పవు. డబ్లిన్‌లో శిక్ష పడ్డవాడు మేయో కౌంటీలో పుట్టి కోతపనుల కోసం వచ్చినవాడు కావచ్చు. ఐర్లండ్ వైపున్న ద్వీపాంతరవాస రిజిస్టర్లలో 1836కు ముందువి 1922 మంటల్లో పోయాయి. అందుచేత, ఆ ఏడాదికి ముందు శిక్ష పడినవాళ్లలో క్షమాభిక్ష కోసం అర్జీ పెట్టుకున్నవాళ్లే ఐర్లండ్ కాగితాల్లో కనిపిస్తారు. మిగిలినవాళ్లు ఓడెక్కిన క్షణం నుంచి మొదలైనట్టు ఉంటారు. కానీ ఆ అర్జీలు మిగలడంలోనే ఒక విశేషముంది. అవి ఫోర్ కోర్ట్స్‌లో కాక పరిపాలనా కేంద్రమైన డబ్లిన్ కాజిల్‌లో ఉన్నాయి కాబట్టి బతికిపోయాయి. 1988లో ఆస్ట్రేలియాలో వలస మొదలై రెండు వందల ఏళ్లు నిండినప్పుడు ఐర్లండ్ ప్రభుత్వం ఆ దేశానికి ఇచ్చిన కానుక ఈ కాగితాల మైక్రోఫిల్మే. పాలరాతి విగ్రహమో, వెండి పళ్లెమో ఇవ్వకుండా దొంగల పట్టీ కానుకగా ఇచ్చిన దేశం చరిత్రలో మరొకటి ఉందో లేదో గాని, పుచ్చుకున్నవాళ్లు దానికి సంతోషించారు.

ఆ అర్జీల్లో గుమాస్తా వెనక్కి తగ్గి మరో గొంతు ముందుకొస్తుంది. రాసింది ఊళ్లో చదువొచ్చిన ఏ పంతులో, ఏ ఫాదరో కావచ్చు. ‘తమ పాదధూళి’ ధోరణిలో ఉండే ఆ వినయం పడికట్టుదే కావచ్చు. కానీ పిల్లలెంతమందో, మగదిక్కు లేక కౌలు ఎలా పోతోందో, పూచీగా నిలబడే భూస్వామి ఎవరో, ఏ పారిష్, ఏ టౌన్‌లాండో అందులో ఉంటాయి. అవి లేకపోతే అర్జీకి బలం రాదు. అడుగున సాక్షుల సంతకాలు, సంతకం రానిచోట గుణకారపు గుర్తు. మొగుడు పోయిన చాలా ఏళ్ల తర్వాత పిల్లలతో సహా తననూ ఆ దేశానికి ఉచితంగా పంపమని భార్యలు పెట్టుకున్న అర్జీలు వేరుగా ఉన్నాయి. వాటిలో దొరికిన టౌన్‌లాండ్ పేరు పట్టుకుని 1823-37 నాటి దశమభాగం పన్ను పుస్తకాలు, 1847-64 నాటి గ్రిఫిత్ భూమి మదింపు తిరగేస్తే, అదే నేలతునకలో అదే ఇంటిపేరుతో కౌలుదార్లు కనిపిస్తారు. పెద్దకొడుక్కి తండ్రి తండ్రి పేరు, రెండోవాడికి తల్లి తండ్రి పేరు పెట్టే ఆచారం ఐరిష్‌వాళ్లలో బలంగా ఉండేది. తాత పేరు మనవడికి పెట్టుకునే మనవాళ్లకు ఆ లెక్క చెప్పనక్కర్లేదు. సిడ్నీలో పుట్టిన పిల్లల పేర్ల వరసను బట్టి సముద్రానికి ఇవతల తాతలెవరో ఊహించడం అలా సాధ్యమవుతుంది. ఊహే, రుజువు కాదు. దాన్ని రుజువుగా చలామణి చేసిన వంశవృక్షాలకు కొదవలేదన్నది వేరే సంగతి.

ఇంతకీ వాళ్లు దొంగలా, దేశభక్తులా? మూలాలు వెతికే కుటుంబాల్లో ఈ ప్రశ్న చుట్టూ చాలా పొగ ఉంటుంది. బ్రిటిష్ పాలన మీద ఐర్లండ్‌లో జరిగిన 1798 తిరుగుబాటు తర్వాత పంపిన వాళ్లున్నారు, 1804 మార్చిలో సిడ్నీ దగ్గర కాసిల్ హిల్‌లో మళ్లీ తిరగబడిందీ ముఖ్యంగా ఐరిష్‌వాళ్లే. 1848 తిరుగుబాటు తర్వాత విలియం స్మిత్ ఓబ్రయన్, థామస్ మీగర్ వంటి నాయకులు వాన్ డీమన్స్ ల్యాండ్ చేరారు. 1868 జనవరిలో పడమటి తీరాన ఫ్రీమాంటిల్‌కు వచ్చిన చివరి ఖైదీల ఓడ ‘హూగుమాంట్’లో 62 మంది ఫీనియన్ విప్లవకారులున్నారు. ఇవి నిజం. అయితే ఐర్లండ్ నుంచి నేరుగా ఆస్ట్రేలియాకు పంపిన దాదాపు 40 వేల మందిలో అత్యధికులు ఆవులు, గొర్రెలు, బట్టలు దొంగిలించినవాళ్లే. నెడ్ కెల్లీ 1879లో జెరిల్డెరీ పట్టణంలో అచ్చువేయించాలని చూసిన ఉత్తరంలో ఐరిష్ ఖైదీలను గొలుసులకు తలవంచని వీరులుగా నిలబెట్టాడు. కాషెల్ కోర్టు కాగితంలో అతని తండ్రి పేరు పక్కన ఉన్నవి రెండు పందులే.

అలాగని కాగితాన్నే చివరి మాటగా తీసుకోవడమూ తొందరపాటే. నేరం పేరు పెట్టేది చట్టం, చట్టం పెట్టేది ఏలేవాడు. 1822 నాటి తిరుగుబాటు నిరోధక చట్టం కింద, దాన్ని అమలుచేసిన కౌంటీల్లో, సూర్యాస్తమయానికీ సూర్యోదయానికీ మధ్య సరైన కారణం చూపకుండా ఇంటి బయట దొరికితే చాలు, ఏడేళ్ల ద్వీపాంతరవాసం. దీన్ని రాజకీయ నేరమందామా, మామూలు నేరమందామా? 1845 తర్వాతి కరువు రోజుల్లో తిండి లేక గొర్రెను కోసుకున్నవాళ్లను ఏమందాం? గడ్డివాములకు నిప్పు పెట్టి, తామే పెట్టామని ఒప్పుకుని, ద్వీపాంతరం పంపమని కోరుకున్న ఆడవాళ్లు ఆ కాగితాల్లో ఉన్నారు. గంజికేంద్రం కన్నా జైలు ఓడలో తిండి ఖాయమని వాళ్ల లెక్క. మరోవైపు చూస్తే, విక్లో కొండల్లో ఏళ్ల తరబడి బ్రిటిష్ సైన్యాన్ని ముప్పుతిప్పలు పెట్టిన మైకేల్ డ్వయర్ అసలైన తిరుగుబాటుదారే. అతను 1806లో సిడ్నీ చేరిన ఓడ పేరు మన కేరళ తీరపు రేవు తలశ్శేరి పేరే, ‘టెల్లిచెరీ’. ఆ డ్వయరే తర్వాత సిడ్నీ దగ్గరి లివర్‌పూల్ పట్టణంలో కానిస్టేబుల్ ఉద్యోగం చేశాడు. కాబట్టి గడిలో రాసిన నేరం మనిషి గుణాన్ని చెప్పదు. ఏ రోజున, ఏ చట్టం, ఏ చేతికి చిక్కిందో చెప్తుంది. వెతికేవాళ్లకు కావలసిందీ అదే. తేదీ, చోటు, సందర్భం చేతికొస్తే ఆనాటి పత్రికల్లో విచారణ వార్తకు, అక్కణ్ణుంచి ఊరికి దారి పడుతుంది.

ఆస్ట్రేలియాలోనే చాలాకాలం ఈ కాగితాలను ఎవరూ చూడకుండా ఉంటే బాగుండునని కోరుకున్నారు. ‘ఖైదీ మచ్చ’ అన్న మాట అక్కడి ఇళ్లలో గుసగుసగా వినిపించేది. తాత సొంత డబ్బుతో టికెట్ కొనుక్కుని వచ్చాడని పిల్లలకు చెప్పేవారు. వాన్ డీమన్స్ ల్యాండ్ 1856లో టాస్మేనియాగా పేరు మార్చుకోవడం వెనకా ఆ మచ్చను కడుక్కోవాలన్న తపన ఉంది. ఇరవయ్యో శతాబ్దం చివరి పాదంలో గాలి మారింది. 2007లో ఆస్ట్రేలియా ఖైదీల దఫ్తరాలను యునెస్కో ప్రపంచ స్మృతి జాబితాలో చేర్చింది. ఇప్పుడు ఖైదీ తాత ఉంటే గొప్ప, లేకపోతే లోటు. ఈ గర్వం కూడా వెనకటి సిగ్గులాగే చూపును వంకరపెడుతుంది. సిగ్గు కాగితాన్ని దాచింది, గర్వం అందులో లేనిది చదువుతోంది.

అదే సామ్రాజ్యపు కలం కాస్త తర్వాత మనవాళ్ల ఒంటి మీదా నడిచింది. విశాఖపట్నం, ఉత్తర ఆర్కాటు జిల్లాల నుంచి మద్రాసు రేవు మీదుగా ఫిజీ, దక్షిణాఫ్రికాలోని నటాల్ చెరకు తోటలకు వెళ్లిన తెలుగువాళ్లు ఖైదీలు కారు, ఒప్పందం మీద వేలిముద్ర వేసిన కూలీలు. అయినా వాళ్లను ఎక్కించిన ఓడల జాబితాల్లో తండ్రి పేరు, కులం, ఊరు, ఎత్తు, ఒంటి మీద మచ్చలు అన్నీ ఉన్నాయి. ఇవాళ డర్బన్‌లో తన ఊరు వెతుక్కునే నాయుడికీ, సిడ్నీలో వెతుక్కునే ర్యాన్‌కీ దారి ఒకే రకం గుమాస్తా గదిలోంచి పోతుంది. ఊళ్లో ఉండిపోయినవాళ్లకు ఆ గది లేదు.

హోబార్ట్‌లో 1840ల జాబితాల్లో ఇంకొక గడి ఉండేది. బంధువులెవరు, ఎక్కడున్నారు అని అడిగి రాసుకునేవారు. తండ్రి పేరు, తల్లి పేరు, అన్నదమ్ముల పేర్లు, అక్కచెల్లెళ్ల పేర్లు, ఫలానా ఊళ్లో ఉన్నారు. ఆ అన్నదమ్ములు ఎవరి గొర్రెనూ ముట్టుకోలేదు, ఎవరి వామికీ నిప్పు పెట్టలేదు. కొందరు ఆ తర్వాతి రెండు మూడేళ్లలోనే కరువులో పోయుంటారు, ఏ రిజిస్టరూ వాళ్లను ఎక్కించుకుని ఉండదు. వేల మైళ్ల అవతల, సంకెళ్లతో నిలబడి ఒక దొంగ వాళ్ల పేర్లు ఒక్కొక్కటే చెప్తుంటే, గుమాస్తా రాసుకున్నాడు.